కలహాంతరితా గానము – శోకవిశ్రాంతి : ఒక పరిశీలనము

ప్రియజనవియోగం కావ్యాలకు కొత్త వస్తువు కాదు. ఆ వియోగానికి విధి, శాపం, ప్రవాసం, మృత్యువు వంటివి కారణాలైనప్పుడు దుఃఖించేవారికి నిందించడానికి బయటి హేతువు ఒకటి ఉంటుంది. ప్రేమ నశించకుండానే బంధాన్ని స్వయంగా త్రెంచుకొన్నవారికి ఆ పాటి ఊరట కూడా లేదు. పంపివేసినది తామే, పోయినందుకు వగచేదీ తామే. లోకంలో ఇట్టి స్థితికి లోనైనవారు తరచుగా సంగీతాన్ని ఆశ్రయిస్తారు. అందునా మనసును మరలించే ఉల్లాసగీతాన్ని కాక, తమ గాయాన్నే తాకే విరహగీతాన్ని కోరి వింటారు. దుఃఖితునికి దుఃఖగానం ఉపశమనమా, లేక ఉద్దీపనమా? ఈ ప్రశ్నకు భారతీయ రసశాస్త్రంలోను, తెలుగు కావ్య పద వాఙ్మయాలలోను లభించే సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కలహాంతరిత – లక్షణ పరిణామం

భరతుడు నాట్యశాస్త్రంలోని సామాన్యాభినయ ప్రకరణంలో నాయికలను అవస్థాభేదాన్నిబట్టి ఎనిమిది విధాలుగా విభజించాడు. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, స్వాధీనపతిక, కలహాంతరిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక, అభిసారిక అనేవి ఆ ఎనిమిది. వీరిలో ప్రస్తుతాంశానికి సన్నిహితురాలు కలహాంతరిత. భరతుని లక్షణం ప్రకారం ఈర్ష్యాకలహంవల్ల వెడలిపోయిన ప్రియుడు తిరిగి రాకపోగా, అమర్షానికి లోనైన స్త్రీ కలహాంతరిత. ఈ లక్షణంలో వెళ్లినవాడు ప్రియుడు. నాయిక మనసులో మిగిలినది కోపం. పశ్చాత్తాపమనే మాట ఇంకా చేరలేదు.

పదవ శతాబ్ది చివర ధనంజయుడు దశరూపకంలో ఈ లక్షణాన్ని మార్చాడు. ప్రియుని అమర్షంతో త్రోసిపుచ్చి, పిదప అనుశయబాధను పొందేది కలహాంతరిత అన్నాడు. అంటే కర్తృత్వం నాయకుని నుండి నాయికకు మారింది. ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థాన విద్వాంసుడైన విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో ఈ మార్గాన్నే అనుసరించి, కోపంతో కాంతుని తొలగద్రోసి తరువాత పరితపించేదానిగా ఆమెను నిర్వచించాడు. పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో మరొక అడుగు ముందుకు వేశాడు. ప్రియుడు బ్రతిమాలుతున్నా వినక అతనిని నిరాకరించి, ఆపై పశ్చాత్తాపపడేది కలహాంతరిత అని ఆయన అభిప్రాయం. తనను నిలుపుకొనే అవకాశం ఎదుట ఉండగానే దానిని కాలదన్నుకొన్నదన్న ఎరుక ఆమె దుఃఖాన్ని మరింత తీవ్రం చేస్తుంది.

ఈ పరిణామం కేవలం నిర్వచనభేదం కాదు. ఆలంకారికుల దృష్టి క్రమంగా బాహ్యసంఘటన నుండి అంతరంగానికి మరలినదనడానికి ఇది నిదర్శనం. ప్రియుడు వెళ్లిపోవడం ఒక వార్త. తానే పంపివేశానని తెలిసి కూడా ప్రేమించడం ఒక మనఃస్థితి. పాటకు వస్తువయ్యేది ఈ రెండవదే.

అపేక్ష, నిరపేక్ష

కరుణరసానికీ విప్రలంభ శృంగారానికీ కన్నీరు, నిట్టూర్పు, కృశత్వం, నిద్రలేమి వంటి బాహ్యలక్షణాలు సమానాలే. వాటిని వేరుచేయడానికి భరతుడు ఒక చక్కని గీటురాయిని ఇచ్చాడు. కరుణం నిరపేక్షభావం, విప్రలంభం సాపేక్షభావం. పోయినది తిరిగి రాదని తెలిసిన దుఃఖం కరుణం. తిరిగి కలుస్తామన్న ఆశ మిణుకుమిణుకుమంటూ ఉండగా కలిగే వేదన విప్రలంభం. మమ్మటుడు విప్రలంభాన్ని అభిలాష, విరహ, ఈర్ష్యా, ప్రవాస, శాప హేతుకాలుగా ఐదు విధాలుగా చెప్పాడు. ఈ ఐదింటిలోను పునస్సమాగమం మీద ఆశ అంతర్లీనంగా ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రియుడు జీవించే ఉన్నాడు. ప్రేమా జీవించే ఉంది. కాని కలయిక మాత్రం ఇక లేదు, ఉండకూడదు అని నిశ్చయించుకొన్నవారి దుఃఖం ఏ కోవకు చెందుతుంది? మరణం లేదు గనుక శుద్ధకరుణం కాదు. ఆశ లేదు గనుక శుద్ధవిప్రలంభమూ కాదు. శాస్త్రం ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టలేదు. కవులు మాత్రం దీనిని గుర్తించారు. భవభూతి ఉత్తరరామచరితం మూడవ అంకంలో పరిత్యక్తయైన సీత ప్రవేశించేటప్పుడు ఆమెను కరుణానికి మూర్తి అనాలో, శరీరం దాల్చిన విరహవ్యథ అనాలో తెలియనట్లుగా రెండు మాటలూ వాడి, నడుమ ఒక వికల్పాన్ని నిలిపాడు. రసభేదాలు చక్కగా తెలిసిన నాటకకర్త ఏదో ఒకటి నిర్ణయించలేక అలా వ్రాశాడనుకోవడం పొరపాటు. ఆ స్థితియే అట్టిది. విడిపోయినవారి హృదయం అపేక్షకూ నిరపేక్షకూ మధ్య ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాటకు లయను సమకూర్చడమే సంగీతం చేసే ఉపకారమని ముందు నిరూపితమవుతుంది.

రోదనం రాగమైన వైనం

దుఃఖానికీ గానానికీ గల సంబంధాన్ని తెలుగు ప్రబంధకవులు ఎంతగానో భావించారు. పెద్దన వరూధిని, తిమ్మన సత్యభామ, రామరాజభూషణుని గిరిక – ఈ ముగ్గురి ఏడ్పులను పోల్చి చూడడం సాహిత్యగోష్ఠులలో చిరకాలంగా ఉన్న పరిపాటి. ముగ్గురి రోదనంలోను నాదమాధుర్యం వర్ణితమైనా మూడు స్థితులు వేరు. మనుచరిత్రలో వరూధిని ప్రవరునిచేత నిరాకృతురాలై కలస్వనంతో ఏడ్చింది. అక్కడ బంధమే ఏర్పడలేదు. పారిజాతాపహరణంలో సత్యభామ పాదాలపై వ్రాలిన ప్రియుని శిరస్సును ఎడమకాలితో తన్నిన తరువాత, అతని ఎదుటనే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆమె కంఠధ్వనిని కవి లేజిగురు మేసిన ఆడుకోకిల అవ్యక్తమధురస్వరంతో పోల్చాడు. వసుచరిత్రలో గిరిక వెన్నెల తాపానికి ఓర్వలేక గొంతెత్తి ఏడ్చినప్పుడు, ఆ ధ్వని కిన్నరస్త్రీలు కాంభోజి మేళవించి మీటిన వీణానాదంవలె ఉన్నదని రామరాజభూషణుడు వర్ణించాడు.

వరూధిని ఏడ్పులో ధ్వని మధురం మాత్రమే. సత్యభామ ఏడ్పులో అది కోకిల కాకలి అయింది. గిరిక ఏడ్పులో ఏకంగా పేరుగల రాగమయింది. ప్రకృతిస్వరం నుండి శాస్త్రీయరాగం వరకు సాగిన ఈ క్రమం గమనార్హం. తిరస్కరించి తరువాత కన్నీరు విడిచిన సత్యభామ ఈ ముగ్గురిలో కలహాంతరితకు మిక్కిలి చేరువగా ఉంది. కూచిపూడి భాగవతులు ఆడే భామాకలాపానికి వస్తువు కూడా కృష్ణునితో కలహించి దూరమైన ఈమె వేదనయే. సిద్ధేంద్రయోగి కృతిగా సంప్రదాయం చెప్పే ఆ కలాపంలో సత్యభామ తన బాధను మాధవికి చెప్పుకొంటూ, పాడుతూ, ఆడుతూ, చివరకు లేఖ వ్రాసి పంపుతుంది. తెలుగునాట ప్రేక్షకలోకం తరతరాలుగా ఆదరించిన ప్రదర్శనకు పట్టుగొమ్మ ఒక కలహాంతరిత కావడం యాదృచ్ఛికం కాదు.

తాను పంపివేసిన సీత కథను తానే విన్న రాముడు

ఈ అంశానికి మూలకందం రామాయణంలోనే ఉంది. క్రౌంచమిథునంలో ఒకటి నేల కూలగా రెండవది చేసిన ఆక్రందనం విని వాల్మీకికి కలిగిన శోకం శ్లోకమయిందని బాలకాండ చెబుతుంది. అట్లు పుట్టిన కావ్యాన్ని ఆయన కుశలవులకు నేర్పాడు. వారు దానిని సప్తజాతులతో, తంత్రీలయ సమన్వితంగా గానం చేశారు. ఆ గానాన్ని విన్నవారిలో ప్రధానుడు రాముడు. లోకాపవాదానికి వెరచి ప్రాణప్రియయైన భార్యను స్వయంగా విడిచిపుచ్చినవాడు, ఆమె కథను ఆమె కుమారుల నోట పాటగా విన్నాడు. ప్రేమించిన వ్యక్తితో బంధాన్ని తానే తెంచుకొని, తదనంతరం గానాన్ని ఆశ్రయించిన శ్రోతకు ఇంతకంటె ప్రాచీనమైన ఉదాహరణ చూపడం కష్టం. తెలుగులో తిక్కన నిర్వచనోత్తర రామాయణం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం ఈ కథాభాగానికి చెందినవే. పండితకావ్యాలకు దూరంగా ఇండ్లలో స్త్రీలు పాడుకొన్న రామాయణపు పాటలలోను కుశలవుల కథకు విశేషస్థానం ఉంది.

భవభూతి ఈ ఘట్టాన్ని ఇంకా లోతుగా తరచాడు. మూడవ అంకంలో రాముడు పంచవటిని చూచి విలపిస్తుండగా, దుఃఖితుడు విలపించడం ఎందుకు అవసరమో తమస వివరిస్తుంది. చెరువు నిండి పొంగినప్పుడు నీటికి దారి ఇవ్వడమే ప్రతిక్రియ; శోకంతో క్షోభించిన హృదయం ప్రలాపంచేతనే నిలబడుతుంది అన్నది ఆమె మాటల సారాంశం. ఈ ఉపమానం చెరువుల సీమయైన తెలుగుదేశానికి మరీ సుబోధం. చెరువు నిండితే అలుగు పారాలి. పారకుంటే కట్ట తెగుతుంది. ఐతే అలుగుకూ గండికీ భేదం ఉంది. రెండింటి గుండా నీరు పోతుంది. గండిపడితే చెరువు ఖాళీ అయి ఆయకట్టు మునుగుతుంది. అలుగు మీదుగా మిగులునీరు మాత్రమే పోయి చెరువు నిలుస్తుంది. అదుపులేని ఆక్రందనం గండి వంటిది. శ్రుతిలయబద్ధమైన గానం అలుగు వంటిది. దుఃఖం ప్రవహించడానికి మార్గమిస్తూనే దాని మట్టాన్ని నిర్ణయించేది గానం.

అభినవగుప్తుని విఘ్నవిచారం

నిజజీవితంలో దుఃఖించేవాడు కళను ఆస్వాదించగలడా? ఈ శంకను సూటిగా ఎదుర్కొన్నవాడు అభినవగుప్తుడు. అభినవభారతిలో రసప్రతీతికి ఆయన ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో రెండు ప్రస్తుతాంశానికి అత్యంతోపకారకాలు.

మొదటిది, ప్రదర్శితమయ్యే సుఖదుఃఖాలను తనవిగానో పరునివిగానో నియతంగా భావించడం. ఇది నా కథే అనుకొన్న శ్రోతకు ఆ కథతోపాటు దానికి సంబంధించిన భయం, లజ్జ, ప్రతీకారేచ్ఛ, దాచుకోవాలనే తాపత్రయం కూడా మేల్కొంటాయి. అప్పుడు కలిగేది రసం కాదు, లౌకికదుఃఖమే. రెండవది, నిజసుఖాది వివశీభావం. తన సుఖదుఃఖాలలో మునిగిపోయినవాడు మరొక వస్తువునందు చిత్తాన్ని ఎట్లు విశ్రమింపజేయగలడని అభినవగుప్తుడు ప్రశ్నించి, ఆ అడ్డంకిని తొలగించడానికే నాట్యంలో వాద్యం, గానం, విచిత్రమండపం, విదగ్ధగణికలు మొదలైన వాటిచేత ఉపరంజనం ఏర్పాటయిందని సమాధానం చెప్పాడు.

ఈ సమాధానంలోని విశేషం జాగ్రత్తగా గ్రహింపదగినది. స్వదుఃఖంలో మునిగినవాడు రసాస్వాదానికి అనర్హుడని ఆయన తలుపు మూసివేయలేదు. అతనికి కూడా ప్రవేశం ఉంది. ఆ ప్రవేశద్వారం గానం. మాటలు బుద్ధికి చేరి అర్థం కావలసి ఉంది. బుద్ధి ఇప్పటికే తన వేదనలో చిక్కుకొని ఉంది. నాదానికి ఆ ఇబ్బంది లేదు. సామాన్యంగా అందరికీ భోగ్యమయ్యే శక్తి శబ్దాది విషయాలకు ఉండడంచేత, అవి చిత్తాన్ని దాని ఇరుకుగది నుండి మెల్లగా వెలుపలికి తెస్తాయి. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఆ తరువాతి మెట్టు. దుఃఖార్తులకు, శ్రమార్తులకు, శోకార్తులకు విశ్రాంతిని కలిగించడం నాట్యప్రయోజనాలలో ఒకటని భరతుడు ప్రథమాధ్యాయంలోనే చెప్పిన దానికి ఇది ఉపపత్తిపూర్వకమైన వ్యాఖ్యానం.

పదనిర్మాణం – దుఃఖానికి ఒక కట్టడి

ఈ సిద్ధాంతానికి తెలుగులో సంపూర్ణమైన లక్ష్యం క్షేత్రయ్య పదం. పదునేడవ శతాబ్దివాడు, మువ్వగోపాల ముద్రాంకితుడు అయిన ఈ వాగ్గేయకారుడు తంజావూరు విజయరాఘవనాయకుని, మధుర తిరుమలనాయకుని, గోలకొండ ప్రభువుల ఆదరణ పొందాడు. వేలకొలది పదాలు రచించినట్లు ఆయన పదమొకటి చెబుతున్నా, నేటికి దక్కినవి కొన్ని వందలు మాత్రమే. వాటిలో ప్రియుని నిందించి పంపే ఖండిత, పంపి పరితపించే కలహాంతరిత పలుమార్లు దర్శనమిస్తారు. ఈ నాయికలలో స్వీయలతోపాటు పరకీయలు, సామాన్యలు కూడా ఉండడంవల్ల, ప్రియుని ఉంచుకోవాలో పంపివేయాలో నిర్ణయించుకొనే స్వాతంత్ర్యం వారికి కనిపిస్తుంది. ఆ స్వాతంత్ర్యానికి మూల్యంగానే పశ్చాత్తాపం వస్తుంది. పద్మవ్యూహం వంటి ఈ మనఃస్థితిని ఛేదించడానికి పదనిర్మాణంలో నాలుగు సాధనాలు కానవస్తాయి.

మొదటిది విలంబలయ. క్షేత్రయ్య పదాలలో అధికభాగం త్రిపుటతాళంలో ఉన్నాయి. ఏడు మాత్రల ఆ ఆవర్తం మూడు, నాలుగుగా విరిగి, సమంగా సాగక కొంత ఒరుగుతూ నడుస్తుంది. దుఃఖితుని మనసు పరుగెడుతుంది. నాడి వడిగా కొట్టుకొంటుంది. ఒక్కొక్క అక్షరాన్ని సాగదీసి, రెండు మాటల నడుమ ఊపిరికి తావిచ్చే చౌకకాలపు పదం ఆ పరుగుకు పగ్గం వేస్తుంది. అదే సమయంలో ఆ ఒరుగు నడక కుంటుపడిన హృదయానికి అపరిచితం కాదు.

రెండవది పల్లవి. బంధం తెగినవారు ఒకే మాటను మనసులో పదేపదే నెమరువేస్తారు. ఆ మాట ప్రతిసారీ అదే రూపంలో వచ్చి అదే చోట గుచ్చుతుంది. పదంలోను పల్లవి మళ్లీమళ్లీ వస్తుంది. కాని ప్రతి పర్యాయం దాని వెనుక ఒక కొత్త చరణం నిలుస్తుంది. గాయకురాలు కొత్త సంగతి వేస్తుంది. మాట మారదు, అర్థచ్ఛాయ మారుతుంది. మొదట నిందగా వినిపించినది మూడవ చరణం తరువాత స్మరణగా వినిపిస్తుంది. అనుపల్లవితో ఎత్తుకొని పల్లవికి వచ్చే గానసంప్రదాయంలో పల్లవి ప్రశ్నగా గాక ముందు చెప్పినదానికి సమాధానంగా చెవిన పడుతుంది. పునరుక్తి దోషం కాక ఉపాయమయ్యేది ఇక్కడనే.

మూడవది సఖి. కలహాంతరిత ఏకాంతంలో గొణుగుకోదు. చెలిని ఎదుట కూర్చోబెట్టుకొని చెబుతుంది. జయదేవుని గీతగోవిందం తొమ్మిదవ సర్గలో కృష్ణుడు వెడలిపోయాక రాధ ఎదుట ఉన్నది సఖియే. మానం మానుమని హితవు చెప్పేదీ ఆమెయే. ప్రియునికి చెప్పలేనిది, తనలో దాచుకోలేనిది మూడవవారికి చెప్పడం వల్ల దుఃఖానికి వాక్యరూపం వస్తుంది. పదాన్ని వినే శ్రోత ఒకేసారి రెండు స్థానాలలో ఉంటాడు. నాయికతోపాటు చెప్పుకొంటాడు, సఖితోపాటు వింటాడు. తన గోడును తానే కొంత ఎడంగా ఉండి వినగలగడం దుఃఖితునికి దొరికే మొదటి ఉపశమనం.

నాలుగవది ముద్ర. చరణాంతంలో మువ్వగోపాలుని పేరు వస్తుంది. శ్రోత మనసులో తిరుగాడుతున్న వ్యక్తి పేరు వేరు. పాట ఆ వ్యక్తిగతనామాన్ని తొలగించి దాని స్థానంలో అందరికీ చెందిన ఒక నామాన్ని నిలుపుతుంది. స్వగతత్వ నియమమనే విఘ్నాన్ని తొలగించడానికి రంగస్థలం మీద పూర్వరంగం, వేషం, కిరీటం చేసే పనిని గానంలో ముద్ర చేస్తున్నదని చెప్పవచ్చు.

ఇక రాగం సంగతి. భరతుడు గాంధార నిషాదాలను కరుణానికి, మధ్యమ పంచమాలను శృంగార హాస్యాలకు వినియోగించాడు. ఆనాటి జాతులకూ నేటి రాగాలకూ నేరుగా పొత్తు కుదరదు గనుక ఆ సూత్రాన్ని యథాతథంగా అన్వయించడం సాహసం. లక్ష్యాన్నిబట్టి చూస్తే క్షేత్రయ్య ముఖారి, ఆహిరి, ఘంటా, హుసేని, పున్నాగవరాళి, సావేరి వంటి రక్తిరాగాలను విరివిగా వాడాడు. ముఖారిలో ధైవతం ఆరోహణలో చతుశ్శ్రుతిగా ఎక్కి, అవరోహణలో శుద్ధమై దిగుతుంది. ఒకే స్వరం ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు మరొకలా వినిపించడం ఆశనిరాశల నడుమ కదలాడే మనసుకు ఎంతో అనుగుణం. ఐనా ముఖారిని కేవలం శోకరాగంగా భావించడం తగదు. అదే రాగంలో శృంగారమూ ఉంది, భక్తీ ఉంది. రాగం రసాన్ని సిద్ధం చేస్తుంది. సాహిత్యం, కాలప్రమాణం, గాయకుని హృదయం దానిని నిర్ణయిస్తాయి.

ఈ పదాలు నేటికి నిలవడం వెనుక ఉన్న చరిత్ర కూడా స్మరణీయం. 1904లో ఎట్టయపురంలో తెలుగులిపిలో వెలువడిన సుబ్బరామదీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని స్వరసహితంగా కొన్ని పదాలను భద్రపరచింది. వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాండ్రు టి. బృంద, టి. ముక్త, బాలసరస్వతి (1918–1984) వాటిని గళంలోను అభినయంలోను నిలిపారు. దేవదాసీవృత్తిపై సంఘం నిషేధాలు విధిస్తున్న కాలంలో, తెలుగుదేశానికి వెలుపల, ఆ వృత్తికుటుంబాల వారసురాండ్రే తెలుగు శృంగారపదానికి రక్షకులయ్యారు. పోగొట్టుకొన్నదానిని గానంలో నిలుపుకోవడమంటే ఏమిటో ఆ సంప్రదాయం తన చరిత్ర ద్వారానే తెలిపింది.

ఉపశమనానికి హద్దు

విరహగానం సర్వదా హితమేనా అన్నది చివరి ప్రశ్న. ఆలంకారికులు కామదశలు పది చెప్పారు. అభిలాష, చింతనం, అనుస్మృతి, గుణకీర్తనం, ఉద్వేగం, విలాపం, ఉన్మాదం, వ్యాధి, జడత, మరణం అనేవి ఆ పది. ఇందులో గుణకీర్తన విలాపాలు పాటకు సహజస్థానాలు. అక్కడ దుఃఖానికి మాట దొరుకుతుంది. దొరికిన మాట వెలికి రాకుంటే తరువాతివి ఉన్మాద వ్యాధులు. అంటే శాస్త్రదృష్టిలో గానం పతనమార్గంలో ఉన్న ఒక మలుపు. అక్కడ నిలిచి మరలినవాడు తేరుకొంటాడు. అక్కడే తిరుగుతూ ఉండిపోయినవాడు దిగజారుతాడు.

ఆధునిక మనశ్శాస్త్ర పరిశోధన ఈ రెండు పక్షాలనూ సమర్థిస్తున్నది. 2014లో లిలా టారుఫి, స్టెఫాన్ కోల్ష్ అనే పరిశోధకులు 772 మందిని ప్రశ్నించి, విషాదసంగీతం శ్రోతలలో శుద్ధవిషాదంకంటె గతస్మృతులతో కూడిన మధురవేదననే ఎక్కువగా మేల్కొల్పుతున్నదని తెలిపారు. సాండ్రా గారిడో, ఎమెరీ షూబర్ట్ మొదలైనవారి పరిశీలనలు మాత్రం, ఒకే చింతను నెమరువేసే స్వభావం గలవారికి విషాదసంగీతం మేలు చేయకపోగా మనసును ఇంకా కుంగదీయవచ్చునని హెచ్చరిస్తున్నాయి. ఒకే ఔషధం ఒకరికి పథ్యం, మరొకరికి అపథ్యం.

ఈ సందర్భంలో క్రమానికి ప్రాధాన్యం వస్తుంది. సంగీతచికిత్సలో ఐరా ఆల్ట్‌షులర్ 1948లో ప్రతిపాదించిన సమతాసూత్రం ప్రకారం, మొదట రోగి మనఃస్థితికి సరిపడే సంగీతాన్ని వినిపించి, తరువాత మెల్లమెల్లగా దానిని కోరిన స్థితివైపు మార్చాలి. దుఃఖితునికి మొదటనే ఉల్లాసగీతం వినిపిస్తే అది అతనికి పరిహాసంలా తోస్తుంది. భరతనాట్య కచేరి క్రమాన్ని పరిశీలిస్తే, చౌకకాలపు పదం తరువాత మధ్యమకాలపు జావళి, ఆపై తిల్లానా, చివర శ్లోకమో మంగళమో వస్తాయి. పదంలోని గంభీరవేదన జావళిలో చమత్కారమై, తిల్లానాలో మాటలే లేని శుద్ధనృత్తానందమై, మంగళంలో ప్రశాంతి అవుతుంది. చికిత్సకోసమే ఈ క్రమం ఏర్పడిందనడానికి ఆధారం లేదు. కాని కళానుభవం నుండి పుట్టిన ఔచిత్యమూ, వైద్యానుభవం నుండి పుట్టిన సూత్రమూ ఒకే దారిని చూపడం విశేషం. పదం దగ్గరే ఆగిపోక మంగళం వరకు కూర్చోవడం శ్రోతకు క్షేమకరం.

ఉపసంహారం

కలహాంతరితకు శాస్త్రం పునస్సమాగమాన్ని వాగ్దానం చేసింది. గీతగోవింద రాధకు, పారిజాతాపహరణ సత్యకు ఆ వాగ్దానం నెరవేరింది. జీవితంలో ప్రతి కలహాంతరితకూ అట్లు నెరవేరదు. కొన్నిచోట్ల నెరవేరకపోవడమే న్యాయం. ఒకరినొకరు ప్రేమించినా కలిసి బ్రతుకలేనివారు ఉంటారు. అట్టివారికి పాట చేయవలసినది పోయినవారిని తిరిగి తేవడం కాదు. అపేక్ష నుండి నిరపేక్షకు, శోకం కట్ట తెంచకుండా, నడిపించడం. ఆ నడకలో ప్రేమను అబద్ధమని కొట్టివేయనక్కరలేదు. చేసిన నిర్ణయాన్ని తప్పని ఒప్పుకోనక్కరలేదు. రెండూ నిజాలేనని పల్లవి పాడిన ప్రతిసారీ తెలుస్తుంది.

కుశలవుల గానం విన్న రామునికి సీత దక్కలేదు. ఆమె భూగర్భాన్ని చేరింది. ఐనా ఆ గానం వ్యర్థం కాలేదు. తాను విడిచిన మనిషి ఎట్టిదో సభాముఖంగా, స్వరబద్ధంగా, తలవంచి వినగలిగే స్థితికి అది ఆయనను తెచ్చింది. విడిపోయినవారికి సంగీతం ఇవ్వగలిగిన విశ్రాంతి అంతటిది. మరపు కాదు, చిత్తం చెదరకుండా స్మరింపగలగడం.